రింగు రోడ్డు జ్ఞాపకాలు: గాలి, కంకర, ఒంటి వరస వంతెనలు

ఐస్‌లాండ్ దీవిని చుట్టి వచ్చే రింగు రోడ్డు ఇప్పుడు మొత్తం తారే. 2019 ఆగస్టు దాకా తూర్పు తీరంలో బేరుఫ్యోర్దుర్ అనే సముద్రపాయ చివర ఇంకొంచెం కంకర మిగిలి ఉండేది. 1300 కిలోమీటర్లు దాటిన ఒకటో నంబరు రహదారి మీద హాయిగా వెళ్తున్న కారుకి అక్కడికి రాగానే కింద చప్పుడు మారిపోయేది. మడ్‌గార్డుల లోపల రాళ్లు టపటపా కొట్టుకునేవి, వెనక అద్దం నిండా దుమ్ము లేచేది. ఆ ముక్క పోయినందుకు అక్కడివాళ్లెవరూ బాధపడలేదు, పడాల్సిన పనీ లేదు. కానీ పాత రోజుల్లో ఆ దారిన తిరిగినవాళ్లని కదిపి చూడండి. జలపాతాల సంగతి తర్వాత వస్తుంది. ముందు వచ్చేవి ఇవి: కంకర, ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు, సొరంగం దగ్గర టోలు గది, తలుపుని చేతిలోంచి లాక్కుపోయే గాలి. వీటిలో కొన్ని పోయాయి, కొన్ని పోతున్నాయి. గాలి మాత్రం ఉన్నచోటే ఉంది.

అసలు ఆ చుట్టు పూర్తయిందే 1974 జులైలో, దీవిలో జనం స్థిరపడి 1100 ఏళ్లయిన సంబరాల సమయంలో. అప్పటిదాకా దక్షిణాన స్కేదారౌర్‌సాందుర్ అనే నల్ల ఇసుక మైదానం అడ్డం ఉండేది. ఆగ్నేయాన హప్న్ ఊరి నుంచి రాజధాని రేక్యావిక్‌కి కార్లో వెళ్లాలంటే ఉత్తరం మీదుగా దేశమంతా చుట్టి వెళ్లడమే దారి. ఇంజినీర్లకి వంతెన కట్టడం రాక కాదు. ఆ మైదానానికి పైన వాత్నాయోకుత్ల్ హిమానీనదం ఉంది, దాని కింద గ్రీమ్స్‌వోత్న్ అగ్నిపర్వతం ఉంది. లోపలి వేడికి మంచు కరిగి నీరు పోగై, ఒకరోజు గట్టు తెంచుకుని ఇసుక మీదకి వచ్చి పడుతుంది. నది ఈ ఏడు ఇక్కడ పారితే వచ్చే ఏడు ఎక్కడ పారుతుందో చెప్పలేం. అలాంటి చోట దాదాపు 900 మీటర్ల వంతెన కట్టారు. డబ్బు కోసం ప్రభుత్వం లాటరీ బాండ్లు అమ్మింది.

1996 సెప్టెంబరు చివర్లో ఆ మంచు కింద అగ్నిపర్వతం పేలింది. రోజులు గడిచినా వరద రాలేదు. అందరూ ఎదురుచూస్తుండగా నవంబరు 5న వచ్చింది. ఇళ్లంత మంచు గడ్డలు ఆ నీటిలో దొర్లుకుంటూ వచ్చాయి. గీగ్యుక్విస్త్ల్ నది మీది వంతెన మొత్తం కొట్టుకుపోయింది, పెద్ద వంతెనలో ఒక భాగం పోయింది. మూడు వారాలు తిరిగేసరికి తాత్కాలికంగా దారి తెరిచారు. మెలితిరిగిన ఉక్కు దూలాలు రెండింటిని స్కాఫ్తాఫెత్ల్ దగ్గర రోడ్డు పక్కనే నిలబెట్టారు. చాలామంది వాటి పక్కన ఫోటో దిగి ముందుకి పోతారు. కిందకి వంగి ఆ ఉక్కు మందం చూసినవాళ్లకి నీటి బలం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతి కథ ఇంకా విచిత్రం. హిమానీనదం వెనక్కి తగ్గడంతో 2009లో స్కేదారౌ నది దారి మార్చి, పడమరనున్న గీగ్యుక్విస్త్ల్ నదిలో కలిసిపోయింది. దేశంలోకెల్లా పొడవైన వంతెన కింద చిన్న పాయ తప్ప పారేదేమీ లేకుండా పోయింది. 2017లో ఆ పాయ మీద రెండు వరసల చిన్న వంతెన వేసి రోడ్డు పక్కకి తిప్పేశారు. ఇప్పుడు వెళ్లేవాళ్లు ఆ పాత వంతెనని దూరం నుంచి చూస్తారు. 2017కి ముందు దాని మీద బండి నడిపినవాళ్లకి గుర్తుండేది వేరు: ఎదురుగా దూరంలో దీపాలు కనబడగానే, వాళ్లు దారి ఇచ్చే జాగాలో ఆగుతారా, మనం ఆగాలా అని లెక్కలు వేసుకోవడం.

ఒంటి వరస వంతెనల్ని దాటే పద్ధతి చెప్పుకోవడానికి సులువే. ముందు హెచ్చరిక బోర్డు వస్తుంది, దాని మీద 'ఏన్‌బ్రేద్ బ్రూ', అంటే ఒంటి వరస వంతెన, అని ఉంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి వేగాన్ని యాభైకి తేవాలి, అవతలి కొసని చూడాలి. వంతెనకి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లు ముందు వెళ్లడం అక్కడి ఆనవాయితీ. అనుమానం ఉంటే ఆగిపోవాలి. అసలు చిక్కు ఇక్కడ కాదు. మొదటిది, తొంభైలో వస్తున్నవాడికి వంతెన ఇరుకని ఆఖరి నిమిషం దాకా తెలియదు. రోడ్డు రెండు వరసల్లో వచ్చి వచ్చి, వంతెన నోటి దగ్గర హఠాత్తుగా సన్నబడుతుంది. రెండోది, ఎదుటివాడు లైట్లు కొడితే 'నువ్వు రా' అన్నాడో, 'నేను వస్తున్నా' అన్నాడో తేలదు. మన ఊళ్లలో లైటు కొడితే 'నేను వస్తున్నా' అనే అర్థం. అక్కడ ప్రపంచంలోని అన్ని దేశాల వాళ్లూ అద్దె కార్లలో తిరుగుతుంటారు, ఎవరి అలవాటు వాళ్లది. అందుకని లైటుని నమ్మకూడదు, ఎదుటి బండి చక్రాలు నిజంగా ఆగాయో లేదో చూసి కదలాలి. మూడోది చలికాలపు గొడవ. రోడ్డు తడిగా కనిపిస్తున్నప్పుడే వంతెన మీద మంచు పొర కట్టేసి ఉంటుంది, కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది గనక. వంతెన మీదకి ఎక్కాక బ్రేకు తొక్కకూడదు, తొక్కాల్సిందేదో ఎక్కకముందే తొక్కాలి.

మంచు గడ్డలు తేలే యోకుల్సౌర్‌లోన్ మడుగు దగ్గర 1967లో కట్టిన వేలాడే వంతెన ఉంది. అదీ ఒంటి వరసదే. అక్కడ డ్రైవరు కళ్లు ఒక పక్క మడుగు వైపు, ఇంకో పక్క సముద్రం వైపు పోతాయి. రోడ్డు మీద ఉండాల్సిన కళ్లు రోడ్డు మీద తప్ప అన్నిచోట్లా ఉంటాయి. చూసేది ఏదైనా పార్కింగులో ఆపి దిగి చూడాలి. రోడ్డు మీదే కారు ఆపి ఫోటో తీసుకోవడం మీద అక్కడి జనానికి మహా మంట. ఆ మంటలో న్యాయముంది. మార్జిన్ లేని రోడ్డు మీద ఆగిన కారు, మిట్ట దిగి వచ్చేవాడికి గోడలాంటిదే.

వంతెనల చరిత్ర దక్షిణాన సెల్‌ఫోస్ ఊళ్లో కూడా ఉంది. ఓల్వుసౌ నది మీద 1891లో కట్టిన మొదటి వేలాడే వంతెన 1944లో రెండు లారీల బరువుకి తీగ తెగి కూలింది. డ్రైవర్లిద్దరూ బతికారు. మరుసటి ఏడే కొత్తది కట్టారు. రింగు రోడ్డు ట్రాఫిక్ అంతా ఈనాటికీ దాని మీదుగానే నడుస్తోంది. ఇంకొకటి మూలాక్విస్త్ల్ నది మీదిది. 2011 జులైలో వరదకి ఆ వంతెన పోతే, పర్యాటకుల సీజన్ మధ్యలో దేశం రెండు ముక్కలైంది. పెద్ద లారీల మీద కార్లని ఎక్కించి నది దాటించారు. వారం రోజుల్లో తాత్కాలిక వంతెన లేచింది. ఏ రోడ్డు విభాగాన్నైనా అంచనా వేయాలంటే కట్టిన దాని పొడవు కంటే కొట్టుకుపోయింది ఎన్ని రోజుల్లో తిరిగి వచ్చిందో చూడాలని నా అభిప్రాయం.

ఇక గాలి. కొత్తగా వెళ్లేవాళ్లు మంచుకి భయపడతారు, వర్షానికి గొడుగు పెట్టుకుంటారు. గొడుగు మొదటి రోజే పోతుంది. అక్కడ గాలిని గంటకి కిలోమీటర్లలో చెప్పరు, సెకనుకి మీటర్లలో చెప్తారు. 3.6తో గుణిస్తే మనకి తెలిసిన లెక్క వస్తుంది. 15 అంటే గంటకి 54 కిలోమీటర్లు: ఎత్తుగా ఉండే క్యాంపర్ వ్యాన్ నడిపేవాడికి ఇక్కడే ఇబ్బంది మొదలు. 20 అంటే 72: మామూలు కారుకీ స్టీరింగు రెండు చేతులా పట్టుకోవాల్సిందే. 25 దాటితే ప్రయాణం మానుకోవడం మేలు. ఈ అంకెలు సగటు గాలివి. విసురుగా వచ్చే తాకిడి వీటికి మించి ఉంటుంది, బండిని పక్కకి తోసేది అదే. రోడ్డు పక్కన పెట్టిన డిజిటల్ బోర్డుల మీద గాలి దిశ, వేగం, ఉష్ణోగ్రతతో పాటు ఆ విసురు అంకె కూడా వేస్తారు. ముందు చూడాల్సింది దాన్నే.

విసురు ఎక్కడ వస్తుందో కూడా చాలావరకు తెలిసినదే. నిటారు కొండ గాలికి అడ్డంగా ఉన్నచోట, కొండకి ఇవతలి పక్క కింది రోడ్డు మీద గాలి సుడులు తిరిగి పడుతుంది. రేక్యావిక్ దాటగానే క్యాలార్‌నెస్, బోర్గార్‌నెస్ ముందర హాప్నార్‌ఫ్యాత్ల్, దక్షిణాన ఏయాఫ్యోత్ల్ కొండల అడుగు, స్కాఫ్తాఫెత్ల్ చుట్టుపక్కల ఒరైవి ప్రాంతం: ఈ పేర్లు వాతావరణ హెచ్చరికల్లో పదేపదే వస్తాయి. అలాంటి చోట ఎదురుగా లారీ వస్తే రెండు దెబ్బలు తగులుతాయి. లారీ పక్కకి రాగానే గాలి ఒక్కసారి ఆగుతుంది, అప్పటిదాకా గాలికి ఎదురుగా తిప్పి పట్టుకున్న స్టీరింగు కారుని అటు లాగేస్తుంది. లారీ దాటగానే గాలి మళ్లీ వచ్చి కొడుతుంది. వేగం ముందే తగ్గించి ఉంటే రెండూ సర్దుకోవచ్చు.

కారు ఆపేటప్పుడు మూతి గాలికి ఎదురుగా పెట్టాలి. అప్పుడు తలుపు తెరిస్తే గాలి దాన్ని మూసే వైపు నెడుతుంది. వీపు గాలికి పెట్టి ఆపి, గొళ్లెం తీస్తే చాలు, తలుపు ముందుకి విసురుగా తెరుచుకుంటుంది. కీలు వంగి, తలుపు అంచు ముందు మడ్‌గార్డుకి గుద్దుకుంటుంది. ఆ తర్వాత అది మూసుకోదు, మిగతా దారంతా తాడుతో కట్టుకుని నడపాలి. అద్దె కార్ల వాళ్లు అమ్మే ఇన్సూరెన్సుల్లో ఎక్కువ వాటికి ఈ తలుపు నష్టం వర్తించదు, బిల్లు చిన్నదీ కాదు. అందుకే అక్కడ అలవాటైనవాళ్లు ఒక చేత్తో గొళ్లెం తీసి, రెండో చేత్తో తలుపు లోపలి పిడి గట్టిగా పట్టుకుని జానెడే తెరుస్తారు. రెండు పక్కల తలుపులు ఒకేసారి తెరవరు. తెరిస్తే గాలి కారు మధ్యలోంచి దూసుకుపోతుంది, డాష్‌బోర్డు మీది కాగితాలూ రసీదులూ పక్క పొలంలో పడతాయి.

పొడి గాలి ఇసుక మైదానాల మీద వీస్తే ఇంకో ముప్పు. మీర్దాల్‌సాందుర్, స్కేదారౌర్‌సాందుర్ దగ్గర లేచే నల్ల ఇసుక కారు రంగుని గీకేస్తుంది, అద్దం మీద గరుకు పొర మిగుల్చుతుంది. దీనికని 'శాండ్ అండ్ యాష్' అనే ప్రత్యేక ఇన్సూరెన్సు అమ్ముతారు. దక్షిణ తీరం మీదుగా గాలి సీజన్లో వెళ్తుంటే అది తీసుకోవడం దండగ కాదు. అంతకంటే చవకైన పని, రోజూ పొద్దున్నే రోడ్ల శాఖ మ్యాపు, వాతావరణ శాఖ హెచ్చరికలు రెండూ చూసుకుని బయల్దేరడం. పసుపు, నారింజ, ఎరుపు అని మూడు రంగుల్లో హెచ్చరిస్తారు. నారింజ ఉందంటే ఆ పూట హోటల్లో కూర్చోవడమే పని. మ్యాపులో దారి మూసినట్టు చూపిస్తే 'కొంచెం దూరం వెళ్లి చూద్దాం' అనే ఆలోచన పెట్టుకోకూడదు.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. హైదరాబాద్, విజయవాడల్లో నేర్చుకున్న చేతికి అక్కడ స్టీరింగు ఎడమ పక్కన, బండి కుడి పక్కన. మొదట్లో ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఊగుతాయి, అందులో ప్రమాదమేమీ లేదు. ప్రమాదం వేరేచోట ఉంది. మనకి కుడి సీట్లో కూర్చుని, మన ఒంటిని రోడ్డు మధ్య గీతకి దగ్గరగా ఉంచుకోవడం అలవాటు. ఎడమ సీట్లో కూర్చున్నా మనసు మనిషిని వరసలో కుడివైపుకే జరుపుతుంది, దాంతో కారు మొత్తం కుడి అంచుకి పోతుంది. రింగు రోడ్డు చాలాచోట్ల గట్టు మీద వేసినది, తారు అంచు దాటగానే ఏటవాలు. కుడి చక్రాలు అంచు దిగాయని కంగారుపడి స్టీరింగు ఎడమకి గుంజితే, చక్రాలు తారు అంచుని పట్టుకుని కారు అడ్డం తిరుగుతుంది, ఒక్కోసారి బోర్లా పడుతుంది. చక్రాలు దిగితే యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగు నేరుగా పట్టుకుని, వేగం బాగా తగ్గాక మెల్లగా ఎక్కించాలి. అలా జరగకుండా ఉండాలంటే మాటిమాటికీ ఎడమ అద్దంలో చూసుకుని, మధ్య గీత మనకి ఎంత దగ్గరుందో గమనించుకోవాలి. అద్దెకి తీసుకునేటప్పుడు ఆటోమేటిక్ గేర్లది తీసుకుంటే ఒక గొడవ తగ్గుతుంది. మన ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ ఏడాది చెల్లుతుంది, అసలు లైసెన్సుతో పాటు అదీ దగ్గరుంచుకోవాలి.

రౌండ్‌అబౌట్లలో ఇంకో మెలిక. రెండు వరసలున్న చోట లోపలి వరసలోవాడికే ముందు వెళ్లే హక్కు. బయటి వరసలో ఉన్నవాడు అతనికి దారివ్వాలి. లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూ ఉండాలన్నది చట్టం. చాలా కార్లలో ముందు దీపాలు వాటంతట అవే వెలుగుతాయి గానీ వెనకవి వెలగవు. పొగమంచులో వెనకవాడికి మనం కనిపించాలంటే మీట తిప్పి పూర్తిగా వేసుకోవాలి.

కంకర విషయానికి వస్తే, రింగు రోడ్డు మీద పోయినా పక్క దారుల్లో ఇంకా కావలసినంత ఉంది. తారు మీద 90, కంకర మీద 80 వేగ పరిమితి. ఆ 80 గరిష్ఠమే తప్ప సలహా కాదు. చాలా కంకర రోడ్లకి 50, 60 సరిపోతుంది. ప్రమాదం ఎక్కువగా జరిగేది తారు అయిపోయి కంకర మొదలయ్యే మొదటి వంద మీటర్లలో. తొంభైలో వచ్చి కంకర ఎక్కగానే టైర్లు తేలిపోతాయి, బ్రేకు తొక్కితే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా కారు ఆగదు, ఇంకా ముందుకి జారుతుంది. 'మాల్‌బిక్ ఎండార్' అన్న బోర్డు కనిపిస్తే తారు అయిపోతోందని అర్థం, బ్రేకు అక్కడే వేయాలి. ఎక్కువ బండ్లు తిరిగిన చోట రోడ్డు మీద అడ్డగీతల్లా గతుకులు లేస్తాయి, రేకుల కప్పు మీద బండి నడిపినట్టుంటుంది. అక్కడ స్టీరింగు తేలికైపోయి, వెనక చక్రాలు మలుపులో పక్కకి జరుగుతాయి. ఎదురుగా బండి వస్తే ఇద్దరూ వేగం తగ్గించుకోవాలి. తగ్గించకపోతే రాయి లేచి అద్దానికి తగులుతుంది. రూపాయి బిళ్లంత పగులు రాత్రి చలికి పాకి పొద్దున్నకి అడ్డంగా గీతవుతుంది. 'గ్రావెల్ ప్రొటెక్షన్' అనే ఇన్సూరెన్సు దీనికోసమే.

పాత రోజుల కంకర రుచి చూడాలంటే ఓక్సి కనుమ మిగిలే ఉంది. 939 నంబరు దారి. బేరుఫ్యోర్దుర్ కొసనుంచి పైకెక్కి ఎగిల్‌స్తాదిర్ ఊరి వైపు అడ్డంగా దిగుతుంది. తీరం చుట్టూ తిరిగే రింగు రోడ్డుతో పోలిస్తే అరవై కిలోమీటర్ల పైనే ఆదా, అందుకే ఫోన్‌లో మ్యాపు అందర్నీ అటే పంపిస్తుంది. ఆ మ్యాపుకి పొగమంచు తెలియదు. దారి అయిదు వందల మీటర్ల ఎత్తుకి పోతుంది, పక్కన కంచె లేని మలుపులు, చలికాలంలో మూసేస్తారు. ఎండ ఉన్న రోజున అది దేశంలోని మంచి దారుల్లో ఒకటి, లోయలోకి మెట్లుమెట్లుగా దూకే నీళ్లు కనిపిస్తాయి. మబ్బు కిందకి దిగి ఉంటే మాత్రం తీరం దారే నయం. 2017 నుంచి ఒకటో నంబరుని కూడా తీరం దారికే ఇచ్చారు. అంతకుముందు అది బ్రేద్‌దాల్స్‌హేదీ కొండ మీదుగా పోయేది.

దేశం మధ్యలోని ఎత్తైన ప్రాంతాల్లోకి పోయే 'ఎఫ్' దారుల లెక్క వేరు. ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా వాటి మీదకి పోవడం నిషిద్ధం. సాధారణంగా జూన్ రెండో సగం నుంచి సెప్టెంబరు దాకా తెరుచుకుంటాయి, కొన్ని జులై దాకా తెరవరు. అక్కడ చాలా వాగుల మీద వంతెనలుండవు, నీటిలో దిగాల్సిందే. మంచు కరిగి వచ్చే వాగులు తెల్లవారుజామున తక్కువగా, మధ్యాహ్నం ఎండ పడ్డాక ఎక్కువగా పారతాయి. పొద్దున దాటిన వాగు సాయంత్రం తిరుగు ప్రయాణంలో దాటనివ్వకపోవచ్చు, ఈ లెక్క వేసుకోకుండా వెళ్లినవాళ్లే చిక్కుకుంటారు. వాగు సన్నగా ఉన్నచోట లోతు, వెడల్పుగా పరుచుకుని గలగలలాడే చోట లోతు తక్కువ. ముందు దిగి నడిచి చూడాలి. మనిషి నడవడానికి భయపడే నీటిలో కారు దింపకూడదు. దిగేముందే లో రేంజి (బండిని నెమ్మదిగా, బలంగా లాగించే గేర్ల అమరిక), మొదటి గేరు వేసి, ప్రవాహం వాలుగా దిగువకి కొంచెం ఏటవాలుగా, మనిషి నడిచే వేగంతో ఆగకుండా పోవాలి. మధ్యలో గేరు మార్చకూడదు, క్లచ్ తొక్కకూడదు. ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోతే పిస్టన్ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, అంతటితో ఇంజిన్ కథ ముగిసినట్టే. నీటిలో జరిగిన నష్టానికి అద్దె కారు ఇన్సూరెన్సు ఒక్క క్రోన (అక్కడి డబ్బు) కూడా ఇవ్వకపోవడమే రివాజు. అందువల్ల తొలిసారి వెళ్లేవాళ్లు బస్సెక్కి వెళ్లడం మంచిది. ఇంటీరియర్‌కి వెళ్లే బస్సుల డ్రైవర్లు ఆ వాగుల్ని రోజూ దాటేవాళ్లు.

దారి వదిలి నాచు మీదకో ఇసుక మీదకో బండి దింపడం నేరం. 1783లో లాకి అగ్నిపర్వతం పేలినప్పుడు పరుచుకున్న లావా మీద ఇప్పుడు జానెడు మందాన నాచు ఉంది, రోడ్డుకి రెండు పక్కలా మైళ్ల కొద్దీ. ఒక టైరు గుర్తు మాయడానికి అక్కడ దశాబ్దాలు పడుతుంది.

పెట్రోలు బంకుల్లో ఎక్కువ వాటిలో మనిషి ఉండడు. యంత్రంలో కార్డు పెట్టి నాలుగంకెల పిన్ కొట్టాలి. పిన్ లేని క్రెడిట్ కార్డు అక్కడ పనికిరాదు. 'ఎంత మొత్తానికి' అని అడిగితే ఒక అంకె ఎంచుకోవాలి. ఫుల్ ట్యాంక్ అని నొక్కితే పెద్ద మొత్తాన్ని బ్యాంకు కాసేపు పట్టి ఉంచుతుంది, డెబిట్ కార్డుతో వెళ్లినవాళ్లకి ఇక్కడే చెమటలు పడతాయి. బంకు దుకాణాల్లో అమ్మే ప్రీపెయిడ్ కార్డు రెండు కొని పెట్టుకుంటే నిశ్చింత. పెట్రోలు పిడి ఆకుపచ్చ, డీజిల్‌ది నలుపు. 'లితుద్ ఓలియా' అని రాసి ఉన్న పంపు జోలికి పోకూడదు. అది రంగు కలిపిన డీజిల్, పొలం యంత్రాలకి ఉద్దేశించింది. తూర్పున ఎగిల్‌స్తాదిర్ నుంచి మీవాత్న్ సరస్సు దాకా 165 కిలోమీటర్లు దాదాపు ఏమీ ఉండదు. సగం ట్యాంకు కంటే తగ్గితే కనిపించిన బంకులో నింపేసుకోవాలి.

ఆ దారి మధ్యలోనే పాత రింగు రోడ్డు పక్కకి చీలి మోద్రుదాలుర్ అనే పొలానికి పోతుంది. సముద్ర మట్టానికి 469 మీటర్ల ఎత్తున మనుషులున్న పొలం. 1918 జనవరిలో అక్కడా, పక్కనున్న గ్రీమ్స్‌స్తాదిర్‌లోనూ మైనస్ 38 డిగ్రీలు నమోదైంది. ఆ దేశంలో అంతకంటే చలి ఇప్పటిదాకా రికార్డు కాలేదు. కొత్త రోడ్డు ఆ పొలాన్ని వదిలేసి సూటిగా పోతుంది, చాలామంది తెలియకుండానే దాటిపోతారు. గడ్డి కప్పుల ఇళ్లు, వేడి కాఫీ, అన్ని పక్కలా ఖాళీ. ఆ కంకర దారికి కొద్ది నిమిషాలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

సొరంగాల్లో క్వాల్‌ఫ్యోర్దుర్‌ది ఎక్కువమందికి గుర్తు. 1998లో తెరిచారు. సముద్రం అడుగున, సముద్ర మట్టానికి 165 మీటర్ల కిందకి దిగి, దాదాపు ఆరు కిలోమీటర్లు నడిచి అవతల పైకి వస్తుంది. ఇరవై ఏళ్లు టోలు వసూలు చేశారు. 2018 సెప్టెంబరులో అప్పు తీరడంతో టోలు ఎత్తేసి గది మూసేశారు. అప్పు తీరితే టోలు నిజంగా తీసేసే దేశాలు కూడా ఉన్నాయని మనవాళ్లకి చెప్తే నమ్మరు. ఉత్తరాన ఆకురేరి ఊరి దగ్గర వాద్లాహేదీ సొరంగం ఆ తర్వాత వచ్చింది. తవ్వేటప్పుడు ఒక కొసన వేడినీళ్లు, ఇంకో కొసన చన్నీళ్లు పొంగి పని బాగా ఆలస్యమైంది. దీనికి టోలు ఉంది, గది మాత్రం లేదు. కెమెరా నంబరు చూసుకుంటుంది, మనం ఇంటర్నెట్‌లో కట్టాలి. మర్చిపోతే బిల్లు అద్దె సంస్థకి పోయి, వాళ్ల సేవా రుసుముతో కలిపి మన కార్డు మీద పడుతుంది. కట్టడం ఇష్టం లేనివాళ్లకి వీకుర్‌స్కార్ద్ కొండ మీది పాత దారి ఉంది, పదహారు కిలోమీటర్లు ఎక్కువ. ఎండ ఉంటే నేనైతే పాత దారికే ఓటేస్తాను, అక్కడినుంచి సముద్రపాయ మొత్తం కనిపిస్తుంది.

వేసవిలో గొర్రెలు యథేచ్ఛగా తిరుగుతాయి. తల్లి రోడ్డుకి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే వేగం తగ్గించక తప్పదు. బండి చప్పుడికి పిల్ల కచ్చితంగా తల్లి వైపు ఉరుకుతుంది. రెండు పిల్లలుండడం మామూలు కాబట్టి ఒకటి దాటిందని ఊపిరి పీల్చుకోకూడదు, రెండోదాన్ని వెతకాలి.

తిండి గురించి రెండు మాటలు. బంకుల్లో దొరికే హాట్ డాగ్‌లో గొర్రె మాంసంతో పాటు పంది, ఆవు మాంసం కలుస్తాయి. తినని వాళ్లు ముందే తెలుసుకోవాలి. శాకాహారులకి పెరుగులాంటి స్కిర్, రై రొట్టె, సూపర్ మార్కెట్లో అరటిపళ్లు దిక్కు. వంటగది ఉన్న గెస్ట్‌హౌస్‌లు దారి పొడవునా దొరుకుతాయి. బియ్యం, పప్పు, ఊరగాయ సీసా ఉంటే రోజు గడిచిపోతుంది. వంట అయ్యాక కిటికీ తీయడం మర్చిపోకూడదు, తీసేముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి.

కారు తిరిగి ఇచ్చేముందు కడగాలి. పెద్ద బంకుల్లో ఒక పక్కన గొట్టాలకి తగిలించిన పొడవాటి బ్రష్షులుంటాయి, నీళ్లు ఉచితం. ఆ బ్రష్షులో ముందు కడిగినవాడి ఇసుక ఉంటుంది. అందుకని ముందు ఉత్త నీళ్లు కారు మీద పై నుంచి కిందకి బాగా పోసి ఇసుక జారనివ్వాలి, బ్రష్షుని విడిగా కడుక్కోవాలి, ఆ తర్వాతే రుద్దాలి. చక్రాల వంపుల లోపల కంకర ఇరుక్కుని ఉంటుంది, అక్కడికీ గొట్టం పట్టాలి. కారు ఆరాక పగటి వెలుతురులో నాలుగు పక్కలా, పైకప్పు, ముందు అద్దం, తలుపుల అంచులు, నాలుగు టైర్లు ఫోటో తీసి పెట్టుకోవాలి. కారు తీసుకున్నప్పటి ఫోటోలు కూడా ఉంటే కౌంటర్ దగ్గర వాదన అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.